తినని పిల్లను చూడటానికి వచ్చినవాళ్లు

1869లో వేల్స్‌లోని పెన్‌కేడర్ అనే చిన్న రైల్వేస్టేషన్‌లో దిగినవాళ్లకి కొందరు కుర్రాళ్లు ఎదురొచ్చేవారు. వాళ్ల టోపీల మీద ‘ఫాస్టింగ్ గర్ల్’ అని రాసి ఉండేది. అంటే, ఉపవాసాల పిల్ల. ఆ పిల్ల ఇంటికి దారి చూపించడం వాళ్ల పని. ఊరి బయట పొలాల మధ్య ఉన్న ఆ రైతు ఇంట్లో సారా జేకబ్ అనే పన్నెండేళ్ల అమ్మాయి రిబ్బన్లు కట్టుకుని, చక్కగా ముస్తాబై మంచం మీద పడుకుని ఉండేది. 1867 అక్టోబరు నుంచి తను ఏమీ తినలేదని అమ్మానాన్నలు చెప్పేవారు. వచ్చినవాళ్లు చూసి, ఆశ్చర్యపోయి, చేతిలో నాలుగు డబ్బులు పెట్టి వెళ్లేవారు.

అంత మారుమూల ఊరికి జనం ఎలా వచ్చారు? ఆ ఊరి చర్చి వికార్ ఒక పత్రికకి ఉత్తరం రాశాడు. ఇదేమిటో వైద్యులు వచ్చి పరీక్షించాలి కదా అన్నది ఆయన ఉద్దేశం. ఉత్తరం అచ్చయింది. డాక్టర్ల కన్నా ముందు జనం వచ్చారు.

తర్వాత ఊరివాళ్లే రెండు వారాలు కాపలా కాశారు. తిండి పెడుతున్న ఆనవాళ్లేవీ కనబడలేదన్నారు. దాంతో నమ్మకం ఇంకా పెరిగింది. లండన్ నుంచి వచ్చి చూసిన ఒక డాక్టరు మాత్రం, ఇది హిస్టీరియా అనీ, పిల్ల ఎలాగో తింటూనే ఉందనీ ‘ది టైమ్స్’కి రాశాడు. వాదం ముదిరింది. చివరికి లండన్‌లోని గైస్ హాస్పిటల్ నుంచి నలుగురు నర్సుల్ని రప్పించారు. డిసెంబరు 9న కాపలా మొదలైంది. నర్సులకి ఇచ్చిన ఆదేశం ఇది: పిల్ల అడిగితే తిండి పెట్టండి, అడక్కపోతే పెట్టకండి. ఆ పిల్ల అడగలేదు. డిసెంబరు 17న చనిపోయింది. పోస్ట్‌మార్టంలో చర్మం కింద కొవ్వు పొర కనిపించింది. అంటే అంతకుముందు ఎలాగోలా తింటూనే ఉందన్నమాట. తండ్రికి పన్నెండు నెలలు, తల్లికి ఆరు నెలలు శిక్ష పడింది. కాపలా ఏర్పాటు చేసిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ శిక్ష పడలేదు.

నిజం తెలిసింది. నిజం తెలుసుకోవడానికి అయిన ఖర్చు ఒక పిల్ల ప్రాణం.

*

ఈ పాత కథ ఇప్పుడు ఎందుకంటే, మా అక్క కూతురి వల్ల. ఇంటర్ చదువుతోంది. కొన్ని నెలలుగా తిండి బాగా తగ్గించింది. “పొద్దున్నే తిన్నా పిన్నీ”, “కాలేజీలో తిన్నా”, “ఈరోజు శనివారం, ఒంటిపూటే” అంటుంది. లంఖణం పరమౌషధం అనుకునే ఇళ్లలో శనివారాలు ఇట్టే నాలుగైదు రోజులకి పాకిపోతాయి. ఎవరూ పట్టించుకోరు, పైగా మెచ్చుకుంటారు. మా అక్క కంగారుపడి యూట్యూబ్‌లో వెతికింది. నాకు వరసగా వీడియోలు పంపింది. “వీటిలో ఏది నమ్మాలే?” అని అడిగింది.

చూశాను. తెల్లకోటు వేసుకున్న డాక్టరు ఒకాయన. ‘నేను ఎలా బయటపడ్డాను’ అని ఏడుస్తూ చెప్పే అమ్మాయి. ‘రోజంతా నేనేం తింటాను’ అని నవ్వుతూ చూపించే ఇంకో అమ్మాయి. వీళ్లలో ఎవరు అబద్ధాలకోరు అని వెతకడం మొదలుపెట్టాను. చరిత్ర చదివేకొద్దీ నా ప్రశ్నే తప్పని అనిపించింది.

*

సారా చనిపోయిన నాలుగేళ్లకి, 1873లో, ఇద్దరు వైద్యులు దాదాపు ఒకేసారి ఈ జబ్బు గురించి రాశారు. పారిస్‌లో లాసేగ్, లండన్‌లో విలియమ్ గల్. గల్ పనిచేసింది కూడా ఆ నర్సులు వచ్చిన గైస్ హాస్పిటల్లోనే. ‘అనొరెక్సియా నెర్వోసా’ అన్న పేరు ఆయన పెట్టిందే. అనొరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. మన ఆయుర్వేదంలో ‘అరోచకం’ అనే మాట ఉంది, రుచి పుట్టకపోవడం. రెండూ ఈ జబ్బుకి అతికే మాటలు కావు. చాలామందికి ఆకలి ఉంటుంది, నకనకలాడుతుంది. ఆ ఆకలిని గెలవడమే వాళ్ల పట్టుదల. పేరులోనే పొరపాటు ఉన్న జబ్బు ఇది. ఇంట్లో వాడుకోవడానికి మనకైతే ఆ పేరు కూడా లేదు. “తిండి సయించట్లేదు”, “డైటింగ్ పిచ్చి” అంటాం. మాట లేనప్పుడు వీడియో ఏం చెబితే అదే మాట అవుతుంది.

గల్ ఇంకో పని కూడా చేశాడు. తన వ్యాసంతోపాటు రోగుల బొమ్మలు వేయించాడు. జబ్బులో ఎముకల గూడులా ఉన్నప్పటిది ఒకటి, కోలుకుని బుగ్గలు వచ్చాక ఇంకొకటి. పక్కపక్కన పెట్టిన ‘ముందు, తర్వాత’ బొమ్మలు. తోటి డాక్టర్లకి చూపించడానికి వేయించినవి అవి. ఈరోజు కోలుకున్నవాళ్లు పెట్టే వీడియోల థంబ్‌నెయిళ్లు చూడండి, నూటయాభై ఏళ్ల కిందటి ఆ అమరికే. తిరగేస్తే బరువు తగ్గించే మందుల ప్రకటన కూడా అదే.

ఆ బొమ్మలు అబద్ధం కావు. కానీ అవి మన కంటికి ఒక తప్పుడు అలవాటు నేర్పాయి: ఈ జబ్బు ఉంటే చూడగానే తెలుస్తుందని. 1979లో జెరాల్డ్ రసెల్ అనే లండన్ మనోవైద్యుడు బులీమియా నెర్వోసాని వర్ణించాడు. విపరీతంగా తినడం, బయటికి కక్కేయడం. ఇది ఉన్నవాళ్లలో చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు. ‘ఇంకా సన్నబడలేదుగా, నాకు జబ్బేంటి’ అని ఏళ్ల తరబడి సాయం అడగకుండా ఉండిపోయేది అలాంటివాళ్లే. ఈ వ్యాసంలో ఎవరి బరువూ, ఎవరు ఎన్ని కేలరీలు తిన్నారన్నదీ రాయకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది సమాచారం, జబ్బులో ఉన్నవాళ్లకి అది పందెం.

*

మా అక్క ఒకరోజు ఫోన్ చేసి సంతోషంగా చెప్పింది. “రాత్రంతా వంటల వీడియోలే చూస్తోందే. బిర్యానీ ఎలా దమ్ చేయాలో నాకే చెబుతోంది. తిండి మీద మనసు మళ్లింది.” నేనూ అవునన్నాను.

తర్వాత మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944 నవంబరులో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం చేయమని నిరాకరించిన 36 మంది యువకులు దానికి తమంతట తామే ఒప్పుకుని వచ్చారు. ఆరు నెలలపాటు వాళ్లకి సగం తిండే పెట్టారు. ఆకలితో ఉన్న యూరప్‌కి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆ మగవాళ్లకి సన్నబడాలన్న కోరికేమీ లేదు. అయినా కొన్ని నెలల్లో వాళ్లకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు కొన్నారు, రెసిపీలు పోగేశారు. ప్లేటులో ఉన్న కాస్తా గంటల తరబడి కెలుకుతూ తిన్నారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం.

రాత్రంతా బిర్యానీ వీడియోలు చూడటం కోలుకుంటున్న లక్షణం కానవసరం లేదన్నమాట. అది ఆకలి కూడా కావచ్చు. ఆ బిర్యానీ వీడియోలో తప్పు ఒక్కటీ లేదు. పాళ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. చూసినదాన్ని తప్పుగా చదివింది మేము.

*

ఈ జబ్బు విషయంలో సమాచారం ఊరికే కబురు మోసి ఊరుకోదు. జబ్బు రూపాన్నే మార్చగలదు. 1980ల్లో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు చూసిన రోగుల్లో చాలామంది లావవుతామన్న భయం గురించి మాట్లాడేవాళ్లు కాదు. కడుపు ఉబ్బరంగా ఉందనో, ఆకలి లేదనో చెప్పేవారు. 1995లో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు ప్రచురించిన ఐదుగురు యువతుల కేసుల్లోనూ పాశ్చాత్య పుస్తకాల్లో రాసిన ఒళ్లు గురించిన భ్రమ కనబడలేదు. 1994లో హాంకాంగ్‌లో ఒక స్కూలు అమ్మాయి నడివీధిలో కుప్పకూలి చనిపోయింది. పత్రికలు గగ్గోలు పెట్టాయి. అమెరికా పుస్తకాల్లోని నిర్వచనాలు తెచ్చి వివరించాయి. ఆ తర్వాత కేసులూ పెరిగాయి, ‘లావవుతానని భయం’ అనే కారణమూ పెరిగింది. పత్రికలు హెచ్చరించాలనే రాశాయి. దానితోపాటు బాధని చెప్పుకునే ఒక పద్ధతిని కూడా అందించాయి.

ఫిజీలోని ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అదే ఏడు అక్కడి బడి పిల్లల్ని అడిగితే, సన్నబడటానికి కావాలని కక్కేస్తున్నామన్న అమ్మాయి ఒక్కరూ లేరు. 1998లో అడిగితే 11.3 శాతం. బొద్దుగా ఉండటాన్ని మెచ్చుకునే సమాజం అది. టీవీ సన్నబడమని పాఠం చెప్పలేదు, ఊరికే నాటకాలు వేసింది.

ఇంటర్నెట్‌లో మాత్రం పాఠాలే చెప్పారు. జబ్బుని జీవనశైలిగా పొగిడే ‘ప్రో-అనా’ సైట్లు 2000 నాటికే ఉన్నాయి. 2001లో యాహూ వాటిని తీసేయడం మొదలుపెట్టింది, అవి వేరేచోట తేలాయి. 2012లో ఇన్‌స్టాగ్రామ్ కొన్ని హాష్‌టాగ్‌లని నిషేధిస్తే, వాటినే తప్పు అక్షరాలతో రాసుకున్నారు. ఆ తప్పు అక్షరాల పోస్టుల కింద స్పందన ఇంకా ఎక్కువగా ఉందని 2016లో జార్జియా టెక్ పరిశోధకులు చూపించారు.

యూట్యూబ్ గురించి 2013లో ఒక అధ్యయనం వచ్చింది. అనొరెక్సియా మీద 140 వీడియోలు, సుమారు 11 గంటలు, వైద్యులు కూర్చుని చూశారు. 55.7 శాతం సరైన సమాచారం ఇచ్చేవి. 29.3 శాతం జబ్బుని ప్రోత్సహించేవి. సగానికి పైగా మంచివేగా అని ఊపిరి పీల్చుకునేలోపే ఇంకో లెక్క: చూసినవాళ్లు ‘ఇష్టం’గా గుర్తుపెట్టుకోవడంలో ఆ రెండో రకం మూడు రెట్లు ముందుంది. 2021లో బయటికొచ్చిన ఫేస్‌బుక్ అంతర్గత పత్రాల్లోనూ ఒక మాట ఉంది. తమ ఒంటి గురించి బాధపడుతున్న టీనేజి అమ్మాయిల్లో 32 శాతం, ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధని పెంచిందన్నారు. 2023 ఏప్రిల్‌లో యూట్యూబ్ నియమాలు మార్చింది. చూసి అనుకరించగలిగే వివరాలున్న వీడియోలు తీసేస్తామనీ, కోలుకున్నవాళ్ల కథల్ని ఉంచి, వాటిలో కొన్నిటికి వయసు పరిమితి పెడతామనీ చెప్పింది. ఏడుస్తూ నిజాయితీగా చెప్పే కథలో కూడా ‘ఎలా దాచేదాన్నో’ అన్న భాగం ఒక పాఠమే కాగలదని ఒప్పుకోవడం అది.

*

అయితే తెల్లకోటునే నమ్మితే సరిపోతుందా? గల్ దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఇలాంటి రోగుల్ని చూసుకోవడానికి ఇంట్లోవాళ్లంత పనికిరానివాళ్లు లేరన్నాడు ఆయన. పారిస్‌లో షార్కో కూడా పిల్లని తల్లిదండ్రుల నుంచి విడదీయాల్సిందే అన్నాడు. దాదాపు వందేళ్లు అదే నడిచింది. తల్లులు తప్పు తమదేనని కుమిలిపోయారు. 1987లో లండన్ మాడ్స్లీ హాస్పిటల్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. జబ్బు మొదలై ఎక్కువకాలం కాని చిన్నవయసువాళ్లకి, కుటుంబాన్ని కలుపుకుని చేసే చికిత్సే మెరుగ్గా పనిచేసిందని తేలింది. ఆ పరిశోధన చేసినవాళ్లలో బులీమియాని వర్ణించిన రసెల్ కూడా ఉన్నాడు.

అంటే ఆ కాలపు అత్యుత్తమ వైద్యులు కూడా పొరబడ్డారు. తేడా ఏమిటంటే, వైద్యంలో ఆ పొరపాటుని పరీక్షించి దిద్దుకునే దారి ఉంది. ఎప్పుడో పెట్టిన వీడియో తనని తాను దిద్దుకోదు. అదే నమ్మకంతో, అదే గొంతుతో, ఈ రాత్రి కూడా ఎవరికో ఆడుతూ ఉంటుంది.

మా అక్కకి చివరికి నేను చెప్పింది ఇంతే. బయటపడిన అమ్మాయి వీడియోని సాక్ష్యంగా చూడు, లోపల ఎలా ఉంటుందో తెలుస్తుంది, చికిత్స తెలియదు. అంకెలూ చిట్కాలూ చెప్పే ఏ వీడియోనీ దానికి పంపకు, మంచి ఉద్దేశంతో చేసినదైనా సరే. చాలాకాలం తినని మనిషికి ఒక్కసారిగా తిండి పెట్టేయడం కూడా ప్రమాదమే, అందుకని ముందు డాక్టరు రక్తపరీక్షలు చూడాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలిమానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

“మరి దాన్ని గమనిస్తూ ఉండనా?” అని అడిగింది అక్క.

ఆ నలుగురు నర్సులూ గుర్తొచ్చారు. ఎనిమిది రోజులు రెప్ప వేయకుండా గమనించారు. అడక్కపోతే పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టలేదు.

“గమనించడం కాదక్కా, పక్కన కూర్చుని నువ్వూ తిను” అన్నాను. మంగళవారం అపాయింట్‌మెంట్ దొరికింది. ముగ్గురం వెళ్తున్నాం.