మందుకన్నా ముందే పుట్టిన మొండితనం

1928లో లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో గాజు పళ్లెంలో పట్టిన బూజు చుట్టూ క్రిములు కరిగిపోవడం అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కంటపడిందన్న కథ మనకు బడి పుస్తకాల్లోనే పరిచయం. మరుసటి ఏడాది ఆయన ప్రచురించిన వ్యాసం సంగతి అంతగా ప్రచారంలోకి రాలేదు. పెన్సిలిన్‌కు ఆయన అందులో చూపిన ప్రధానమైన ఉపయోగం ప్రయోగశాలకు సంబంధించినది. గొంతు నుంచి తీసిన నమూనాలో రకరకాల క్రిములు కలగలిసి ఉంటాయి. దానికి పెన్సిలిన్ కలిపితే చాలా రకాలు పెరగకుండా ఆగిపోతాయి, ఇన్‌ఫ్లుయెంజా బాసిల్లస్ మాత్రం నిక్షేపంగా పెరుగుతుంది. అలా దాన్ని విడిగా పట్టుకోవచ్చు. అంటే పెన్సిలిన్‌కు దొరికిన తొలి ఉపయోగమే, దానికి లొంగని క్రిమి ఒకటి ఉండబట్టి సాధ్యమైంది. 1940 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన అబ్రహాం, చైన్ ఇంకో అడుగు వేసి, పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము కోలై బ్యాక్టీరియాలో ఉందని ప్రకటించారు. అదే ఆక్స్‌ఫర్డ్ బృందం జబ్బుపడ్డ మనిషికి పెన్సిలిన్ సూది వేసి వైద్యం మొదలుపెట్టింది ఆ తర్వాత, 1941 ఫిబ్రవరిలో.

కాబట్టి క్రిములు మందులు తిని తిని మొండికెత్తాయన్న మాటలో నిజం సగమే. ఆ మొండితనంలో పెద్ద భాగం వాటి ఒంటి నిర్మాణంలోనే ఉంది. పెన్సిలిన్ క్రిమి గోడ కట్టుబడిని దెబ్బతీస్తుంది. మైకోప్లాస్మాకు గోడే లేదు కనుక దాని మీద ఆ మందు పనిచేయదు. క్షయ క్రిమికి మైనం లాంటి పొర ఉంది. సూడోమోనాస్ తన బయటి పొరలోని ఇరుకు రంధ్రాలతో చాలా మందులను అడ్డుకుంటుంది, ఎలాగో లోపలికి దూరినవాటిని పంపులతో బయటికి తోసేస్తుంది. ఇక మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌లను తామే తయారుచేస్తాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్నప్పుడు, బెంజమిన్ డగ్గర్ వెలికితీసిన ఆరియోమైసిన్ అలాంటి మట్టి జీవి ఇచ్చిందే. విషం చేసే జీవి తాను బతకాలంటే విరుగుడు కూడా తన దగ్గరే ఉంచుకోవాలి. ఆ విరుగుడు జన్యువులు ఎంత పాతవో 2011లో తేలింది. కెనడాలోని యూకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో పెన్సిలిన్, టెట్రాసైక్లిన్, వాంకోమైసిన్ తరహా మందులను తట్టుకునే జన్యువులు దొరికాయి.

ఇంత పాతదైతే ఇక మన తప్పేముందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు 1952లో జాషువా, ఎస్తేర్ లెడర్‌బర్గ్ దంపతులు చేసిన ప్రయోగంలో కనిపిస్తుంది. ఒక దిమ్మెకు వెల్వెట్ గుడ్డ బిగించి, మందు తగలని పళ్లెంలో పెరిగిన క్రిముల మీద అద్దారు. అదే గుడ్డను స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లేల మీద వరుసగా అద్దారు. ప్రతి పళ్లెంలోనూ బతికినవి అవే చోట్ల మొలిచాయి. మొదటి పళ్లెంలో సరిగ్గా ఆ చోట్ల నుంచి తీసిన క్రిములను పెంచుకుంటూ పోతే, మందు ముఖం ఎన్నడూ చూడని మొండి క్రిములు చేతికొచ్చాయి. మందు మొండితనాన్ని సృష్టించలేదు, అది లేనివాటిని చంపి ఉన్నవాటికి చోటు ఖాళీ చేసింది. ఆ ఖాళీ చేయడమే మన వంతు, మన బాధ్యత కూడా అక్కడే ఉంది.

సహజంగా లొంగని క్రిమి ఏదో ముందే తెలుసు కాబట్టి వైద్యుడు వేరే మందు రాస్తే సరిపోతుంది కదా అన్నది ఇంకో వాదన. ఒక్క రోగి విషయంలో అది నిజమే. ఆసుపత్రి మొత్తాన్ని చూస్తే కాదు. ఎంటరోకాకస్‌లకు సెఫలోస్పోరిన్‌లు సహజంగానే ఆనవు. ఆ మందులు విరివిగా వాడిన వార్డుల్లో పేగులోని పోటీ క్రిములు చచ్చి, ఒకప్పుడు అంతగా ఎవరూ పట్టించుకోని ఈ క్రిములు ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లకు దిగాయి. అంతకన్నా భయపెట్టేది జన్యువుల వలస. 1950ల చివర్లో జపాన్‌లో రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా క్రిముల్లో, ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి నిరోధాన్ని మోసుకుపోయే అంశాలు బయటపడ్డాయి. వాటినే ఇప్పుడు ప్లాస్మిడ్‌లంటున్నాం. సెఫొటాక్సిమ్ లాంటి మందులను ఈనాడు మన ఆసుపత్రుల్లో వమ్ము చేస్తున్న సీటీఎక్స్-ఎం ఎంజైముల మూలం, మనుషులకు అరుదుగా మాత్రమే హానిచేసే క్లూయ్‌వెరా బ్యాక్టీరియా క్రోమోజోములో ఉంది. ఒక జీవిలో పుట్టుకతో ఉన్న గుణం ప్లాస్మిడ్ ఎక్కి ఇంకో జీవికి ఆయుధమైంది. పుట్టుక నిరోధం వేరు, సంపాదించుకున్న నిరోధం వేరు అని పాఠ్యపుస్తకాలు గీసే గీత బోధనకు పనికొస్తుంది కానీ, ముప్పును అంచనా వేసేటప్పుడు దాన్ని నమ్ముకోకూడదు.

అందుకే మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే మాత్రల గురించి మాట్లాడి ఊరుకుంటే చాలదు. క్రిములు, జన్యువులు, మందు ఒకేచోట కలిసే నీటి గురించి కూడా మాట్లాడాలి. పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. పరిశ్రమల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది, 2021 నాటి తుది నిబంధనల్లో అవి లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఇదే విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. కేంద్రం ఆ పరిమితులను తిరిగి చేర్చాలి, కొలతలను ప్రజల ముందు పెట్టాలి.