‘ఆహుతి’ నుంచి అనిమే దాకా

1950లో శ్రీశ్రీ ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ సినిమాకి తెలుగులో మాటలూ పాటలూ రాశాడు. ‘ఆహుతి’ పేరుతో విడుదలైన ఆ సినిమాయే తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం. తెరమీద పెదవులు ఎలా కదిలితే అలా మాట కూర్చే ఆ పని తర్వాతి దశాబ్దాల్లో మద్రాసులో ఎందరికో అన్నం పెట్టింది. అనిసెట్టి సుబ్బారావు, రాజశ్రీ, వెన్నెలకంటి లాంటివాళ్లు అందులో పేరు తెచ్చుకున్నారు. ఆ వ్యాపారంలో వరస ఒక్కటే: ముందు నిర్మాత హక్కులు కొనాలి, ఆ తర్వాతే రచయిత కలం పట్టాలి.

ఈ శతాబ్దంలో అదే నగరంలో చదువుకున్న తెలుగు కుర్రకారు జపాన్ వాళ్ల బొమ్మల చిత్రాలను, అంటే అనిమేని, వేరే దారిలో చూశారు. ఎవరో ముక్కూమొహం తెలియని అభిమాని, అనుమతి అడక్కుండా, జీతం పుచ్చుకోకుండా రాసిపెట్టిన సబ్‌టైటిళ్లతో చూశారు. ‘ఫ్యాన్‌సబ్’ అని దానికి పేరు. చట్టం దృష్టిలో అది తప్పే, సందేహం లేదు. ఎంత తప్పు, ఎప్పటిదాకా తప్పు అన్న దగ్గరే నాకు పేచీ ఉంది.

ఫ్యాన్‌సబ్ పుట్టింది 1980ల అమెరికాలో. విశ్వవిద్యాలయాల క్లబ్బుల్లో జపనీస్ వచ్చిన ఒకరిద్దరు అనువాదం రాసేవారు. ఇంకొకరు అమీగా కంప్యూటర్‌కి జెన్‌లాక్ అనే పరికరం తగిలించి ఆ అక్షరాలను బొమ్మ మీదికి ఎక్కించి, వీడియో టేపుకి దింపేవారు. టేపులు తపాలాలో తిరిగేవి. వాళ్లలో వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు గమనించదగ్గది: ఖాళీ టేపు ఖరీదు, తపాలా ఖర్చు తప్ప పైసా తీసుకోకూడదు. తమ దేశంలో ఏ కంపెనీ అయినా హక్కులు కొన్నదని తెలిసిన రోజున పంచడం మానేయాలి. అందరూ పాటించారని కాదు. పాటించనివాణ్ణి మాత్రం తోటివాళ్లే ఎండగట్టేవారు. పైగా టేపుకి టేపు ఎక్కించినకొద్దీ బొమ్మ మసకబారేది కాబట్టి నకళ్లకి ఒక హద్దు దానంతటదే ఉండేది.

ఇంటర్నెట్‌లో ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్ వచ్చాక ఆ హద్దు పోయింది. టోక్యోలో ప్రసారమైన భాగం రెండు మూడు రోజుల్లో ప్రపంచమంతా చేరడం మొదలైంది. 2004 డిసెంబరులో మీడియా ఫ్యాక్టరీ అనే జపాన్ సంస్థ లాయర్ల చేత ఫ్యాన్‌సబ్ బృందాలకీ, లింకులు పెట్టేవాళ్లకీ నోటీసులు పంపించింది. మీ దేశంలో ఎవరూ కొనకపోయినా సరే, మావి పంచొద్దు అని దాని సారాంశం. అభిమానుల కట్టుబాటుకి యజమాని దగ్గర విలువ లేదని అప్పుడు తేలిపోయింది.

మన దగ్గరికి అనిమే అప్పటికే దొడ్డిదారిన కాక రాజమార్గానే వచ్చింది. 1993లో దూరదర్శన్‌లో ఆదివారాలు ఇల్లిల్లూ చూసిన మోగ్లీ జపాన్ బొమ్మే, చాలామందికి ఆ సంగతే తెలియదు. 2004లో సోనీ వాళ్ల అనిమాక్స్ చానెల్ వచ్చింది. 2006లో షిన్‌చాన్ వచ్చాడు, రెండేళ్లకు కేంద్ర ప్రభుత్వం చేత నిషేధం కూడా తిన్నాడు. కాని టీవీ ఇచ్చింది ఎక్కువగా పిల్లల సరుకు. ఇంజనీరింగ్ హాస్టళ్లలో హార్డ్‌డిస్కుల మీద తిరిగిన ధారావాహికలకి హక్కులు కొన్నవాళ్లు ఈ దేశంలో లేరు. డబ్బు పెట్టి కొందామన్నా దుకాణం లేదు.

చెన్నైలో ఆ రోజుల్లో పైరసీ అంటే బర్మా బజారు. బీచ్ స్టేషన్ ఎదుట, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో వెలసిన ఆ కొట్లలో కొత్త సినిమా వీసీడీలు దొరికేవి. 2004లో తమిళనాడు ప్రభుత్వం గూండా చట్టంలో ‘వీడియో పైరేట్ల’ను చేర్చింది. దొంగసారా అమ్మేవాళ్లతో, మురికివాడల భూములు కబ్జా చేసేవాళ్లతో సమానంగా వీళ్లనూ విచారణ లేకుండా ఏడాది దాకా లోపల పెట్టొచ్చు. సినిమా పరిశ్రమ మీద బతికే ఊరు కాబట్టి ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కాని అదే కోపం ఇంటర్నెట్ మీదికి తిరిగినప్పుడు గురి తప్పింది. 2012లో తమిళ ‘3’, తెలుగు ‘దమ్ము’ సినిమాల కోసం మద్రాసు హైకోర్టు నుంచి పేరు తెలియని ప్రతివాదుల మీద ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాటిని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు మొత్తం వెబ్‌సైట్లనే మూసేశాయి. ఎవరి సినిమాలు వాళ్లు పెట్టుకునే విమియో కూడా అందులో పోయింది. జూన్‌లో కోర్టే, తప్పు జరిగిన ఫలానా పేజీ చిరునామాని మాత్రమే ఆపాలి తప్ప సైటంతా కాదని స్పష్టం చేయవలసి వచ్చింది.

అయితే, కాపీరైటు చట్టం అనువాదాన్ని మొదటినుంచీ ఇంత గట్టిగా బిగించలేదు. 1914 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం ఇక్కడ ప్రచురితమైన పుస్తకం మీద అనువాద హక్కు రచయితకి పదేళ్లే ఉండేది. ఆలోగా ఏ భాషలో అనువాదం తేలేదో ఆ భాషలో ఆ హక్కు పోయినట్టే. ఇన్ని భాషల దేశంలో ఒక భాషవాళ్లను నిరవధికంగా ఆపి ఉంచడం కుదరదని అప్పటివాళ్లకి తోచింది. 1957 చట్టం ఆ ఉదారతని తగ్గించినా పూర్తిగా వదులుకోలేదు. 32వ సెక్షన్ ప్రకారం పుస్తకమో నాటకమో వెలువడి ఏడేళ్లు దాటితే, యజమానికి ప్రతిఫలం చెల్లించే షరతుమీద అనువాదానికి లైసెన్సు కోరవచ్చు. సినిమాలు మాత్రం ఆ సెక్షన్‌లో లేవు.

కాబట్టి ఫ్యాన్‌సబ్‌కి నీడ ఇచ్చే సెక్షన్ ఏదీ లేదు. సొంతానికి రాసుకుంటే 52వ సెక్షన్ కింద వాదించుకోవచ్చు, పదిమందికి పంచితే కాదు. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో జపాన్ 1899 నుంచీ ఉంది, మనమూ ఉన్నాం, గనుక విదేశీ సరుకన్న సాకూ చెల్లదు. 63వ సెక్షన్ శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్లు, జరిమానా 50,000 నుంచి 2 లక్షల రూపాయలు. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు, తగిన కారణాలు రాసి శిక్ష తగ్గించే వీలుని అదే సెక్షన్ జడ్జికి ఇచ్చింది. బొమ్మ లేకుండా ఉత్త సబ్‌టైటిల్ ఫైలు పంచితే? నెదర్లాండ్స్‌లో అభిమానులు కోర్టుకెక్కి అడిగారు. 2017లో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు అదీ తప్పేనంది, సంభాషణ కూడా రచనే కదా అని.

నీతి సంగతికొస్తే, అనిమే చూపించే వెబ్‌సైటు క్రంచీరోల్ చరిత్ర చూడాలి. 2006లో అది మొదలైంది అభిమానులు ఎక్కించిన అనుమతిలేని వీడియోలతో. 2008లో పెట్టుబడిదార్లు దాదాపు 40 లక్షల డాలర్లు పెట్టారు. 2009 జనవరి నాటికి దొంగ సరుకు తీసేసి, టీవీ టోక్యోతో ఒప్పందం చేసుకుని ‘నరుటో’ని అధికారికంగా చూపించింది. 2021లో సోనీ దాన్ని 117.5 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నుంచి తమిళ, తెలుగు డబ్బింగులూ ఇస్తోంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగులో థియేటర్లకే వచ్చింది. ఉచితంగా రాత్రుళ్లు కూర్చుని సబ్‌టైటిళ్లు రాసినవాళ్లకి ఇందులో దమ్మిడీ రాలేదు. అంత డబ్బు చేతులు మారాక, హాస్టల్ కుర్రాడొక్కడికే నీతులు చెప్పడం నాకు నచ్చదు.

అలాగని ఇవాళ తెలుగులో అధికారికంగా దొరికేదాన్ని దొంగ సైటులో చూసి, అభిమానం అనడం కూడా నచ్చదు. ప్రకటనల డబ్బు కోసం నడిచే ఆ సైట్లు టేపుల నాటి కట్టుబాటులో ఒక్కదాన్నీ మిగల్చలేదు.

చిక్కంతా దొరకనివాటితోనే. యుగో సాకో పూనికతో 1992లో తయారైన జపాన్ బొమ్మల రామాయణం సంగతే చూడండి. మన రాముడి కథ, మన యానిమేటర్ రామ్ మోహన్ కూడా దర్శకత్వంలో ఉన్నాడు. విజయేంద్రప్రసాద్ పర్యవేక్షణలో అది తెలుగు మాటలతో థియేటర్లకి వచ్చింది 2025 జనవరి 24న. ఈ లోపల టీవీలో వచ్చిన కాపీలే నెట్‌లో తిరిగాయి. 1914 నాటి లెక్క సినిమాకి వర్తించి ఉంటే 2002కల్లా ఎవరైనా తెలుగు చేసి ఉండేవారు. రాముడికే ఇన్నేళ్లు పడితే 1980ల నాటి అనామక ధారావాహికలను ఎవరు తెస్తారు?

32వ సెక్షన్‌ని సినిమా సంభాషణలకి కూడా విస్తరించాలని నా అభిప్రాయం. ఏడేళ్లు ఎక్కువ, మూడు చాలు. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. చదువు, పరిశోధనల కోసం విదేశీ పుస్తకాలను మూడేళ్లకే అనువదించుకునే వీలు 1983 సవరణ ఇచ్చింది. దానితోపాటే వచ్చిన 32బి సెక్షన్ ప్రకారం, యజమాని అదే భాషలో సరసమైన ధరకి అనువాదం తెస్తే ఆ లైసెన్సు రద్దవుతుంది. హక్కులు కొన్నవాడు రాగానే టేపులు ఆపేయాలన్న క్లబ్బుల కట్టుబాటూ, మన పార్లమెంటు రాసిన ఆ సెక్షనూ చెప్పేది ఇంచుమించు ఒకే మాట.