పక్షవాతానికి ముందుజాగ్రత్తే మందు

నిన్నటి వరకు పొలం పనులు చేసుకున్న వ్యక్తి తెల్లవారేసరికి కాలూచేయీ చచ్చుబడి మంచాన పడితే ఆ కుటుంబమంతా చితికిపోతుంది. పక్షవాతం హఠాత్తుగా వచ్చినట్లు కనిపించినా దాని కారణాలు ఏళ్ల తరబడి శరీరంలో పేరుకుంటూనే ఉంటాయి. వాటిలో అధిక భాగం నివారించదగినవే. 22 దేశాల్లో నిర్వహించిన ‘ఇంటర్‌స్ట్రోక్’ అధ్యయనం పది అంశాలే సుమారు 90 శాతం ముప్పుకు మూలమని 2010లో వెల్లడించింది. వాటిలో ప్రధానమైనది అధిక రక్తపోటు.

ఎందుకు వస్తుంది?

మెదడుకు రక్తాన్ని చేరవేసే నాళంలో గడ్డ అడ్డుపడినా, నాళం చిట్లినా పక్షవాతం వస్తుంది. ఎక్కువ మందిలో కనిపించేది మొదటి రకమే. రక్తపోటు, మధుమేహం, కొలెస్ట్రాల్, పొగాకు రక్తనాళాలను దెబ్బతీస్తాయి. గుండె లయ తప్పినవారిలో గుండెలో ఏర్పడిన గడ్డ మెదడుకు చేరే ప్రమాదముంది.

పాటించవలసినవి

* రక్తపోటుకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. 30 ఏళ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా పరీక్ష చేయించుకోవాలి. 140/90 లేదా అంతకు మించి ఉంటే వైద్యుణ్ని సంప్రదించాలి. రక్తపోటు అదుపులోకి వచ్చిందని మాత్రలు మానరాదు. అదుపులో ఉంచుతున్నది ఆ మాత్రలే.

* రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచాకు మించరాదు. కూరల్లో తగ్గించినా ఊరగాయ, అప్పడాలు, ఎండుచేపలు, మిక్చర్ల రూపంలో లోపలికి చేరుతూనే ఉంటుంది. మజ్జిగలో విడిగా ఉప్పు కలుపుకొనే అలవాటు మానుకోవాలి.

* చుట్ట, బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీలను పూర్తిగా విడిచిపెట్టాలి. మద్యానికి దూరంగా ఉండాలి.

* వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, పండ్లు పెంచి, నూనె వేపుళ్లు తగ్గించాలి.

నిమిషాలే కీలకం

మూతి వంకర పోవడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట తడబడటం... వీటిలో ఏది హఠాత్తుగా కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. లక్షణం మొదలైన సమయాన్ని గుర్తుంచుకొని వైద్యులకు చెప్పాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వగలరు. దానికి ముందు సీటీ స్కాన్ తప్పనిసరి. కాబట్టి స్కాన్ సదుపాయమున్న ఆసుపత్రికే తరలించాలి. పసరు మందులంటూ తిప్పితే ఆ వ్యవధి కాస్తా గడిచిపోతుంది. మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కనుక నీళ్లు, మాత్రలు నోట్లో వేయరాదు. లక్షణాలు కాసేపటికే తగ్గిపోయినా నిర్లక్ష్యం తగదు. అది రాబోయే పెద్ద ముప్పుకు హెచ్చరిక కావచ్చు.