నీరు పోయిన దారినే తెగులు

వాన వెలిసి మూడు రోజులైంది. పెదనందిపాడు దాటి డొంకదారిన వచ్చాం. ఎదురుగా నల్లరేగడిలో మిరప చేను, దాని దిగువన పత్తి. మెరకన మిరప పచ్చగా నిలబడి ఉంది. నీరు నిలిచిన పల్లంలో మాత్రం ఐదారు సాళ్ళు తలలు వాల్చేశాయి. ఎండకు వాడినవైతే రాత్రికి తేరుకునేవి. ఇవి పొద్దున్నే వాడి ఉన్నాయి.

అటు నడవబోతే రైతు ఆపాడు. "ముందు మెరక చూసిరా అబ్బాయ్. పల్లంలోకి చివర్న పోదాం. అక్కడ తొక్కిన కాళ్ళతో ఇటు రాకూడదు."

మెరక చూశాక ఇప్పుడు పల్లంలో, వాడిన మొక్క పక్కన కూర్చున్నాం. మట్టిని ఆనుకున్న చోట కాండం చుట్టూ దూదిలాంటి తెల్లని బూజు. వేలితో నొక్కితే బెరడు ఊడొచ్చింది. బూజులో ఆవగింజలంత గోధుమరంగు గుళ్ళు. మొదలు కుళ్ళు తెగులు ఇదే. తెచ్చేది స్క్లెరోషియం రోల్ఫ్‌సై అనే శిలీంధ్రం. మొక్క చచ్చినా ఆ గుళ్ళు చావవు, ఏళ్ళ తరబడి మట్టిలో ఉంటాయి. తేమ తగిలితే దారాలు సాచి పక్క మొక్కను పట్టుకుంటాయి. తనంతట తాను పాకేది కొద్ది దూరమే. పొలాలు దాటించేది పారే నీరు, గుంటకకు అంటిన మట్టి, నారు వేళ్ళ మట్టి.

ఇంకో మొక్కకు బూజు లేదు. కాండాన్ని కత్తితో నిలువునా చీలిస్తే లోపల గోధుమరంగు చార. ఇది ఫ్యుజేరియం తెచ్చే ఎండు తెగులు. వేళ్ళలోంచి దూరి నీరెక్కే నాళాలను మూసేస్తుంది. కాళ్ళ కింద తడి ఉన్నా మొక్కకు నీరందదు.

"పోయిన సాళ్ళలో శనగ వేద్దామనుకుంటున్నా," అన్నాడు రైతు.

వద్దు బాబాయ్. మొదలు కుళ్ళు శనగనూ వేరుశనగనూ వదలదు, సుమారు 500 రకాల మొక్కల మీద బతుకుతుంది. జొన్న, మొక్కజొన్న మేలు. చచ్చిన మొక్కల్ని మట్టితో సహా పీకి తగలబెట్టాలి. చుట్టూ ఉన్న మొక్కల మొదళ్ళు తడిచేలా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయాలి. వేసవిలో లోతు దుక్కి చేస్తే గుళ్ళు అడుగున పడి గాలాడక చాలావరకు మొలకెత్తవు. నాటే ముందు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి మాగబెట్టి ఎకరానికి చల్లాలి.

అన్నిటికంటే ముందు నిలిచిన నీరు పోవాలి. రైతు పార తీసుకుని గట్టు తెంపబోయి ఆగాడు. తెంపితే నీళ్ళు పోయేది దిగువ పత్తిలోకే. ఆ చేను వేరేవాళ్ళది. ఫోన్ తీసి పత్తి రైతును రమ్మన్నాడు. నీళ్ళను డొంక వైపు మళ్ళించాలంటే ఇద్దరి చేలలోనూ కాలవ తవ్వాలి మరి.