మన పేరు ఎక్కడిది?

నిరుడు మా హాస్టల్ గోడపత్రికలో ఒక అమ్మాయి 'గోండ్' అన్న మన పేరును ఇంగ్లీషులో రాసి, ఒక్కో అక్షరానికి ఒక్కో మాట చేర్చింది: గ్రేట్, ఒరిజినల్, నేటివ్, ద్రవిడియన్. ఎక్కడిదమ్మా అని అడిగితే, వాట్సాప్‌లో వచ్చింది మేడమ్ అంది. రంగులతో ఎంత ముద్దుగా రాసిందో! తీసెయ్యమనడానికి మాకు నోరు రాలేదు.

కానీ ఆ పేరును అక్బరు కాలంలోనే, 16వ శతాబ్దంలో, అబుల్ ఫజల్ పారసీలో రాశాడు. పారసీలో ఉన్న పేరు ఇంగ్లీషు పొడి అక్షరాల నుంచి ఎలా పుడుతుంది? ఇలాంటివి మేమూ నమ్మినవాళ్లమే. న్యూస్ అంటే నాలుగు దిక్కులని ఎన్నేళ్లో పిల్లలకు చెప్పాం. నిజానికి అది 'కొత్త' అని అర్థమిచ్చే న్యూ నుంచి వచ్చిన మాట, అంతే.

ఇంకో కథ పెద్ద పుస్తకాల్లోంచి వచ్చింది. తెలుగు 'కొండ' నుంచి గోండు పుట్టిందని 19వ శతాబ్దంలో నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లప్ ఊహించాడు. కాదు, 'గౌడ' నుంచి అన్నాడు కన్నింగ్‌హాం. రస్సెల్, హీరాలాల్ 1916లో అచ్చేసిన గ్రంథంలో ఇది తేలని సంగతనే రాశారు. మనవాళ్లు మాత్రం సభల్లో 'కొండ' కథనే రుజువైనట్టు చెబుతుంటారు. వాట్సాప్ ముచ్చట కంటే ఇదే మనకు ఎక్కువ నష్టం. మనం ఎప్పుడూ కొండల్లోనే ఉన్నవాళ్లమైతే గఢా, దేవ్‌గఢ్, చాందా రాజ్యాలు ఎవరివి? 1564లో మొగలు సేనతో పోరాడి ప్రాణమిచ్చిన రాణి దుర్గావతి ఏలింది గోండు రాజ్యాన్నే కదా! చాందా అంటే ఇప్పటి చంద్రపూర్. మన రాజుల కోటగోడ అక్కడ ఇప్పటికీ ఉంది. కొండ మీద కాదు, ఊరి చుట్టూ. వీలైతే వెళ్లి చూడండి.

ఆ 1916 గ్రంథంలోనే ఇంకో మాట ఉంది. గోండు అనేది బయటివాళ్లు పిలిచిన పేరు, వీళ్లు తమను కోయితూర్ అనుకుంటారు అని. భద్రాచలం వైపు కోయవాళ్లు తమను పిలుచుకునేదీ ఇంచుమించు ఆ మాటే.

ఈ సంగతి మేం ఆ అమ్మాయికి చెప్పలేదు. దండారికి ఇంటికి వెళ్తుంటే, మనల్ని మనం ఏమంటామో మీ తాతను అడిగి రమ్మన్నాం. తాత నవ్వాడట. "గోండు అని సర్టిఫికెట్లో రాస్తారు బిడ్డా. మనం కోయితూర్" అన్నాడట. తిరిగొచ్చాక పాత కాగితం కిందనే పెన్సిల్‌తో ఆ ఒక్క మాట రాసి, పక్కన 'మా తాత చెప్పాడు' అని పెట్టింది.