బొమ్మల కర్మాగారము – కొనుగోలుదారుల చేయూత

నాగలి చేయు వడ్రంగి దున్ను రైతు మాటను చెవిని బెట్టక తప్పదు. మేడి చేతికి అందుటలేదని చెప్పువాడు రైతే. ఆ మాట విని సవరించిన వడ్రంగి యింటికే మరికొందరు వత్తురు. పెద్ద కర్మాగారములు వెలసిన పిదప ఈ చనువు సన్నగిల్లెను. చేయువా డొకచోట, కొనువాడు వేరొకచోట, నడుమ వర్తకులు. అంతర్జాలము వచ్చిన పిమ్మట ఆ దూరము మరల తరిగినది. దానివలన నొక సంస్థకు కలిగిన లాభమెట్టిదో నేడు మనవి చేయుదును.

డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను చిన్న యూరు కలదు. అచట ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయ నారంభించి, 1934లో తన సంస్థకు ‘లెగో’ అని పేరిడెను. ‘చక్కగా ఆడుకొనుము’ అను అర్థము గల డేనిష్ మాటల నుండి యా పేరు పుట్టినది. ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని నిలుచు ప్లాస్టికు ఇటుకకై ఆయన కుమారుడు గాడ్‌ఫ్రెడ్ 1958లో పేటెంటు కోరెను. ఆ ఇటుకలే సంస్థకు ప్రపంచఖ్యాతి నార్జించినవి.

1998లో ఆ సంస్థ ‘మైండ్‌స్టార్మ్స్’ అను క్రొత్త ఆటవస్తువును వెలువరించెను. ఇటుకలతో యంత్రమును కట్టి, దానికి చిన్న కంప్యూటరును జతపరచి, కోరినట్లు నడిపింపవచ్చును. బాలురకై చేసిన దానిని పెద్దవారును విరివిగా కొనిరి. అనతికాలములోనే అమెరికాయందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి యొకడు ఆ కంప్యూటరు మర్మమును ఛేదించి, కనుగొన్నదెల్ల అంతర్జాలమున అందరి యెదుట నుంచెను. దాని నాధారము చేసికొని మరికొందరు, యంత్రమునకు ఆజ్ఞ లిచ్చుటకు క్రొత్త భాషలను సైతము కల్పించిరి.

సంస్థవారికి ధర్మసంకట మేర్పడెను. ఇది చౌర్యమా, సేవయా? న్యాయస్థానమున కెక్కుటయా, ఊరకుండుటయా? తుదకు వారు వ్యాజ్యమునకు పోలేదు. పైగా, అట్లు మార్చుకొను హక్కును తమ అనుమతిపత్రమునందే చేర్చిరి. తమ సొమ్మును పాడుచేయువారని తలపక, తమ వస్తువును ప్రేమించువారని గుర్తించిరి.

2003లో లెగో సంస్థ భారీ నష్టమున చిక్కుకొనెను. అనంతరము మైండ్‌స్టార్మ్స్‌ను నూతనముగా రూపొందింప బూనినపుడు, అభిమానులలో నలుగురిని రహస్యముగా పిలిచి సలహా లడిగిరి. వారికి జీతము లేదు. ప్రతిఫలముగ దొరకినవి కొన్ని ఇటుకలే. డెన్మార్కు ప్రయాణపు ఖర్చునుగూడ తామే భరించిరి! ఆ పిదప మరి నూరుగురకు విడుదలకు ముందే పరీక్షించు అవకాశ మిచ్చిరి. క్రొత్త మైండ్‌స్టార్మ్స్ 2006లో వెలువడెను.

ఇందలి లాభము స్పష్టము. కర్మాగారమున యోచించువారు కొలదిమంది, వాడువారు వేలకొలది. వస్తువులోని లోపము వాడువానికే మొదట తెలియును. అమ్మకమునకు ముందే అది బయటపడిన, దిద్దుటకు ఖర్చు స్వల్పము. తన మాట మన్నింపబడినవాడు ఆ వస్తువును తనదిగా భావించి పదిమందికి చెప్పును.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. శ్రమ కొనువారిది, లాభము సంస్థదియేనా? ఈ ప్రశ్నకు కొంత సమాధానము తరువాత లభించెను. 2008లో జపానులో ఆరంభమై, 2014లో ‘లెగో ఐడియాస్’ అను పేరు దాల్చిన యేర్పాటులో, ఎవరైనను తాము కల్పించిన నమూనాను పంపవచ్చును. దానికి 10,000 మంది మద్దతు లభించిన, సంస్థ పరిశీలించును. అంగీకృతమై విక్రయింపబడినచో, నికర అమ్మకములపై నూటికి ఒక వంతు కల్పించినవానికి చెందునని నిర్ణయించిరి. అది గొప్ప భాగము కాదు; కాని శ్రమకు హక్కు కలదని యొప్పుకొనుట చిన్న విషయమును గాదు.

మైండ్‌స్టార్మ్స్ తయారీని 2022 చివర ఆపివేసిరి. వస్తువు పోయినను, అది నేర్పిన పాఠము పోలేదు. కొనువాని మాట వినుట వర్తకునకు లాభము. విన్న మాటకు విలువ కట్టి యిచ్చుట వర్తకునకు ధర్మము. ఈ రెండును కలిసిననే ఆ చెలిమి నిలుచును.