పనస పిక్క నుంచి చిట్టెలుక పేగు దాకా

చక్కెరలను పట్టుకునే ప్రొటీన్ల (లెక్టిన్ల) చరిత్రను ఒకే వరుసలో చెప్పడం అలవాటైపోయింది. 1888లో స్టిల్‌మార్క్ ఆముదపు గింజల్లో రైసిన్‌ను గుర్తించాడు. 1919లో సమ్నర్ గింజల్లోని మరో లెక్టిన్ కనకవలిన్‌-ఎ స్ఫటికాలు తీశాడు, 1972లో దాని నిర్మాణం తేలింది. ఆపై పరిశోధన గింజలను దాటి జంతువుల లెక్టిన్లకు, అంటే చిట్టెలుక గెలెక్టిన్ల వంటి వాటికి చేరిందంటారు. కాలక్రమంలో తప్పు లేదు. గింజలు కేవలం తొలి మెట్టన్న భావనే నిలవదు.

పనస సంగతే చూద్దాం. పనస పిక్కల్లోని జాకలిన్ నిర్మాణాన్ని 1996లో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఎం. విజయన్, ఎ. సురోలియా తదితరులు వెల్లడించారు. జాకలిన్ మొదట ఒకే గొలుసుగా తయారై, పిదప తెగుతుంది. తెగినచోట బయటపడే కొత్త కొస చక్కెర రకమైన గెలాక్టోజ్‌ను పట్టుకోవడంలో పాలుపంచుకుంటుంది. కాబట్టి అమైనో ఆమ్లాల వరుస ఒక్కటే చదివితే చాలదు, కణం ఆ వరుసను ఏం చేసిందో కూడా చూడాలి. మొక్కల ప్రొటీన్ మనిషి వైద్యానికి ఎందుకని అడగవచ్చు. మన రక్తంలోని ఐజీఏ1 యాంటీబాడీని వేరుచేయడానికి ప్రయోగశాలలు వాడుతున్నది ఈ జాకలిన్‌నే. పైగా 1994లో నిర్మాణం తేలిన వేరుశనగ లెక్టిన్‌కూ జంతువుల గెలెక్టిన్లకూ వరుసలో పోలిక లేకున్నా, గొలుసు మడత పడే తీరులో పోలిక ఉంది. గింజలను పక్కనపెట్టి రాసే చరిత్రకు ఈ పోలిక అందదు.

ఇక జంతువుల వైపు వస్తే, చిట్టెలుక గెలెక్టిన్‌-9 నిర్మాణం 2006లో, పేగుల్లో ఎక్కువగా ఉండే గెలెక్టిన్‌-4 నిర్మాణం 2011లో వెలువడ్డాయి. రెండింటిలోనూ చక్కెరను పట్టే భాగాలు రెండేసి ఉంటాయి, వాటి నడుమ వంగే లంకె ఉంటుంది. ఆ పత్రాల్లో స్ఫటికంగా కట్టింది మొదటి భాగం ఒక్కటే. లంకె అటూ ఇటూ కదులుతుంటే స్ఫటికం కట్టడం కష్టం కనుక ఆ ఎంపిక సబబే. ఏ చక్కెర ఎక్కడ ఆనుతుందో అది స్పష్టంగా చూపింది కూడా. అయితే రెండు భాగాలూ కలిసి వేర్వేరు చక్కెరలను ఒకేసారి పట్టే తీరు ఆ సగం బొమ్మలో దొరకదు. నిర్మాణం దొరికింది కాబట్టి పని తీరు తేలిపోయిందని నేటి సమీక్షలు తొందరపడితే, 1996లో పనస పిక్క నేర్పిన జాగ్రత్తను మరచినట్టే. చిట్టెలుకలో చూసినదాన్ని మనిషికి అన్వయించే ముందు రెండో భాగాన్నీ, లంకెనూ, కణం చేసే మార్పులనూ పరీక్షించడం తప్పనిసరి.